పెట్టెలో వచ్చిన శని

ఆ కాలంలో మా పావగడ తాలూకాలో ఫలానాది ఏ సంవత్సరంలో జరిగిందని అడిగితే చెప్పడం కష్టం. వేరే చోట్ల వాన బాగా పడిన ఏడు, చెరువు తెగిన ఏడు అని గుర్తులుంటాయి. మాకు అన్నీ ఒకే రకం ఏళ్లు, మబ్బు కోసం పైకి చూసి చూసి మెడలు పట్టేసిన ఏళ్లు. గుర్తుకు ఏదో ఒకటి కావాలి కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది మా మామ ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయిన ఏట జరిగిందని చెప్తాను. నా బి.ఎ. ముగిసి రెండేళ్లయిన ఏడు కూడా అదే. బళ్లో చదివింది కన్నడం, ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఉద్యోగానికి వాళ్లడిగేది ఇంగ్లీషు. మూడింటిలోనూ అర్జీలు రాసి రాసి అలసిపోయి, నిడుగల్లు కొండ కింద మామ ఇంట్లో, అంటే మా అమ్మ అన్న ఇంట్లో చేరి తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు అన్నట్టు కాలం గడుపుతున్నాను. (ఇప్పుడు పింఛను తీసుకుంటూ ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ కూడా అదే మాట అంటుంది. మనిషి పెద్దగా మారడు.)

రైతు కానివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. రెండెద్దులుండే మనిషి రైతు. ఎద్దులు లేని మనిషి కూలికి పోతాడు, ఆయనకూ ఒక దారి ఉంది. ఒంటెద్దు మనిషికి మాత్రం ఏ దారీ లేదు. ఆ ఒక్కదాన్ని కాడికి కట్టలేడు, మేపలేడు, అమ్మడానికి మనసు రాదు. మా వైపు శెనక్కాయ విత్తాలంటే ఆషాఢంలో నేల నానేట్టు ఒక్క మంచి పదును పడాలి. పడినాక మూడు నాలుగు దినాలే గడువు. ఆ నాలుగు దినాలూ ఊళ్లో ప్రతి ఎద్దూ దాని యజమాని చేన్లోనే ఉంటుంది, అరువు అడిగితే నవ్వుతారు. పదును ఆరిపోతే ఏడాది పోయినట్టే. కాబట్టి ఆషాఢం లోపల మామకు రెండో ఎద్దు కావాలి. ఆ వేసంగి అంతా ఇంట్లో మాకు వేరే మాట లేదు. అన్నంలోకి పులుసు పలచగా ఉందన్నా సరే, మాట తిరిగి తిరిగి ఎద్దు దగ్గరికే వచ్చేది.

అట్లాంటప్పుడు బెంగుళూరు నుంచి డ్రైవర్ బావ వచ్చాడు. ఈయన మామ పెద్దకొడుకు. ఒక తెల్లదొర ఇంట్లో కారు నడిపేవాడు. ఆ దొర పని ముగించుకుని తన దేశం వెళ్లిపోతూ, జీతంతో పాటు ఒక పెద్ద అట్టపెట్టె చేతిలో పెట్టాడట. బావ దాన్ని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి జగిలి మీద, అంటే వీధరుగు మీద దించాడు. ముందువైపు అద్దం లాంటి ప్లాస్టిక్కు కాగితం. దాని వెనక జానెడు మనిషి, పక్కన వాడి బండి.

"ఇదేందిరా?" అన్నాడు మామ.

"బొమ్మ నాయనా. దొర కొడుక్కి ఇట్లాంటివి బీరువా నిండా ఉండాయి. పెట్టె తెరవకుండా పెట్టుకుంటే ధర పెరుగుతా పోతాదంట. సీలు తీస్తే పోయినట్టే."

"తెరవకుండా ఎట్ల ఆడుకుంటారు?"

"ఆడుకోరు నాయనా. పెట్టుకుంటారు."

మామ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "శెనక్కాయ మూట విప్పకుండా పెడితే పురుగు పడతాది. తెల్లోళ్ల బొమ్మలకు పురుగు గూడా పట్టదేమో," అన్నాడు. బావ పొద్దున బస్సుకు వెళ్లిపోయాడు. పెట్టె మిగిలింది. దాన్ని చూస్తూ మామకు ఒక ఆలోచన వచ్చింది. పావగడలో శెనక్కాయ మిల్లు సావుకారు దగ్గర ఒక మైల ఎద్దు, అంటే బూడిద కలిసిన తెలుపుది, ఉంది. లారీలు వచ్చినాక ఆయన ఎద్దులబండి మూలబడింది. జతలో ఒకదాన్ని ఎవరికో ఇచ్చేశాడు, ఇంకొకటి ఊరికే మేస్తోంది. సెలవులకు వచ్చే మనవడు ఈ ఊళ్లో ఏమీ లేదని ఏడుస్తాడని ఆయన అందరితో చెప్పుకునేవాడు. పెట్టె ఇచ్చి ఎద్దును తోలుకొస్తే? అయితే వెల తెలియకుండా మార్పిడికి పోకూడదు. వెల కట్టే పని చదువుకున్నవాడి మీద, అంటే నా మీద పడింది.

రెండేళ్లలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. చాలా గంభీరంగా తీసుకున్నాను. జగిలి మీద కూర్చుని పెట్టె మూలలన్నీ తడిమి చూశాను. ఒక మూల కొంచెం నలిగింది, బస్సులో అయ్యుండాలి. సీళ్లు రెండూ చెక్కుచెదరలేదు. ఎండిన కాయను చెవి దగ్గర ఊపి గింజ ఆడుతోందా అని వింటాం కదా, అట్లాగే పెట్టెను మెల్లగా ఊపి చూశాను, లోపల ఏదో చిన్నది ఆడింది. సామాన్లు పన్నెండని పెట్టె వెనక రాసి ఉంది. ప్లాస్టిక్కు కాగితంలో నుంచి లెక్కపెడితే పదకొండే కనిపించాయి, ఆడుతున్నది పన్నెండోది అని తేల్చాను. మనిషికి నల్ల చొక్కా, నల్ల టోపీ, మొహం మీద నల్లద్దం. మోకాళ్లు, మోచేతులు వంగుతాయని బొమ్మ గీసి చూపించారు. వీపు మీద రెండు గొట్టాల డబ్బా ఉంది.

"మందు కొట్టే పంపు లాగుండాదే. ఈడు గూడా రైతేనేమో," అన్నాడు మామ.

"అది గాలి డబ్బా మామా. ఈయన పోయే చోట గాలి ఉండదు."

"మనకు వాన లేదు, ఆడ గాలి లేదు. ఎవరి కరువు వాళ్లది." తర్వాత బండిని చూశాడు. నల్లగా, ఆరు చక్రాలతో, ముందుభాగం కిందికి వంగి, పక్కన రెండు ముడిచిన రెక్కలతో ఉంది. "ఎద్దులు యాడ కడతారు దీనికి?" అని అడిగాడు. తమాషాకు కాదు, ఆ రోజుల్లో ఆయన ఏది చూసినా ఎద్దు కోసమే చూసేవాడు.

రెండు రోజులు చూసి, తెల్లకాగితం మీద ఇంగ్లీషులో 'ఇందుమూలంగా ధ్రువీకరించడమేమనగా' అనే అర్థం వచ్చేట్టు ఒక సర్టిఫికెట్టు రాశాను. వెల దగ్గర కలం ఆగింది. మామ నా అవస్థ చూసి, "రూపాయలు నాకు చెప్పొద్దప్పా. ఎద్దుల్లో చెప్పు," అన్నాడు. నేను మళ్లీ ఒకసారి పెట్టె చుట్టూ తిరిగి, "ఒకటిన్నర ఎద్దు," అన్నాను. (ఏ లెక్కన అన్నానో ఇప్పటికీ తెలీదు.)

"అర ఎద్దును ఏం చేసుకుంటాం? ఒకటి చాలు," అని మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

సోమవారం పొద్దున బస్సులో పావగడకు పోయాము. సావుకారు మిల్లు ముందు తాటాకు చప్పరం కింద కూర్చుని ఉన్నాడు. పెట్టెను చూడగానే ఆయన కళ్లు పెద్దవయ్యాయి. మామా ఆయనా చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పారు. మా వైపు దనాల సంతలో, అంటే పశువుల సంతలో, బేరం అట్లాగే, వేళ్లతో జరుగుతుంది, మాటలతో కాదు. వెల లేని మార్పిడికి తువ్వాలు ఎందుకని నాకు అనుమానం వచ్చింది గానీ, తువ్వాలు లేకుండా ఎద్దు చేతులు మారితే ఇద్దరికీ తృప్తి ఉండదు. కాసేపు తువ్వాలు కదిలింది. మామ మొహంలో మూడు నెలల తర్వాత ఒక వెలుగు కనిపించింది. అవతల గుంజకు కట్టిన మైల ఎద్దు మా వైపు చూసి తోక ఆడించింది కూడా. నేను అప్పుడే దాన్ని ఏ దారిన నడిపించుకుపోవాలా అని ఆలోచిస్తున్నాను.

"తెరిచి చూపించప్పా ఒకసారి," అన్నాడు సావుకారు. శెనక్కాయ వ్యాపారి కదా, నాలుగు కాయలు ఒలిచి నోట్లో వేసుకోనిదే ధర చెప్పే అలవాటు లేదు.

"తెరిస్తే ధర పోతాదంట. మా అల్లుడు బి.ఎ. చదివినాడు. పైన రాసుండేదంతా చదివి చెప్తాడు," అన్నాడు మామ గర్వంగా.

ఆ గర్వమే కొంప ముంచింది. నేను లేచి నిలబడ్డాను. చుట్టూ మిల్లు హమాలీలు చేరారు. రెండేళ్లుగా నన్ను ఏదైనా చదవమని అడిగినవాళ్లు లేరు. గొంతు సవరించుకుని పెద్ద అక్షరాలు చదివాను: "సాటర్న్ కమాండర్ విత్ వెహికల్." అంతటితో కూర్చుని ఉంటే మైల ఎద్దు మాదే. పరదేశానిదని తెలిసింది, సావుకారు తలూపాడు, ఇంకేం కావాలి? కానీ అర్థం చెప్పకుండా వదలడం చదువుకున్నవాడి జాతిలో లేదు. "సాటర్న్ అంటే శనిగ్రహం," అన్నాను. ఎవరికైనా అర్థం కాలేదేమోనని కన్నడంలోనూ చెప్పాను. "ఈయన ఆ శనికి అధిపతి. ఇది ఆయన వాహనం."

చుట్టూ చేరిన హమాలీలు ఒక అడుగు వెనక్కి వేశారు. ఎక్కడ నిలబడి ఈ మాట అన్నానో చూడండి. పావగడ. శనిమహాత్ముడి ఊరు. శనివారం వస్తే ఎక్కడెక్కడి నుంచో బస్సులు నిండి నల్లగుడ్డ, నువ్వుల నూనె పట్టుకుని జనం దిగే ఊరు. అందులోనూ సావుకారుకు ఏలినాటి శని నడుస్తోందనీ, ఏడున్నరేళ్లలో ఏడేళ్లు గడిచి ఆరు నెలలే మిగిలాయనీ మిల్లులో పనిచేసే ప్రతి ఒక్కడికీ తెలుసు, నాకు తప్ప. ఆయన చేయి తువ్వాలు కింద నుంచి నిప్పు తగిలినట్టు బయటికొచ్చింది.

"నల్లగా ఉండాడు," అన్నాడు ఒక హమాలీ.

"ఆ బండి చూడు. ముక్కు, రెక్కలు... కాకే కదప్పా!" అన్నాడు ఇంకొకడు. అప్పుడు నేను కూడా చూశాను. నిజంగా కాకి లాగే ఉంది. రెండు రోజులు వెల కట్టినవాడిని, పన్నెండు సామాన్లు లెక్కపెట్టినవాడిని, అంత పెద్ద కాకి నా కంట పడలేదు.

"అయ్యా, అది ఆకాశంలో గ్రహం. గుళ్లో దేవుడు వేరే," అన్నాను.

"గుళ్లో ఉండేది మరి యా గ్రహమప్పా? నవగ్రహాల్లో లేడా ఆయన?" అన్నాడు సావుకారు. తప్పు చదివాను, సాటర్న్ అంటే వేరే అర్థం కూడా ఉందని మాట మార్చబోయాను. ఆయన చేతులు జోడించాడు. నాకు కాదు, పెట్టెకు. "ఇంక ఆరు నెల్లు. నాయనా, నన్ను వదిలిపెట్టు," అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పెట్టె నా ఒళ్లో ఉంది. మా పక్క సీటు చివరిదాకా ఖాళీ. (మాట మాకంటే ముందే బస్టాండుకు చేరింది.) మామ కిటికీలో నుంచి ఎండిన చేలు చూస్తూ కూర్చున్నాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండేది. చివరికి ఊరు కనబడుతుండగా, "చదివినావు, సరే. చదివింది చదివినట్టే చెప్పాల్నా అప్పా?" అన్నాడు. అంతే.

ఇంటి దగ్గర అత్త గడపకు అడ్డం నిలబడింది. "అది లోపలికి వస్తే నేను బయటికి పోతా," అంది. ఇద్దరిలో అత్తే కావాలని మామ పెట్టెను దనాల కొట్టంలో, చచ్చిపోయిన ఎద్దు గుంజ దగ్గర ఖాళీగా ఉన్న మేత గాటి మీద పెట్టాడు. మా ఎద్దు దాన్ని వాసన చూసి మొహం తిప్పుకుంది. రెండు రోజులకు ఆ దారిన పోయేవాళ్లు కొట్టం ముందు చెప్పులు విడవడం మొదలుపెట్టారు. శనివారం పక్కింటి అవ్వ నువ్వుల నూనె దీపంతో దిగింది. "పావగడ బస్సులో నిలబడి పోవాలంటే నాకు మోకాళ్లు లేవు నాయనా. ఆయనే ఈడికి వచ్చినాడు, నా పుణ్యం," అంది. ఆమె దీపం పెట్టి, మూడు ప్రదక్షిణలు అనుకుని, కొట్టం చుట్టూ తిరగడానికి వీల్లేక ఎద్దు చుట్టూ తిరిగి వెళ్లింది. నేను వచ్చి చూసేసరికి దీపం వేడికి ప్లాస్టిక్కు కాగితం ముడుచుకుపోయి పెద్ద బొక్క పడింది. అందులో నుంచి కమాండర్ మొదటిసారి బయటిగాలి పీలుస్తున్నాడు. నా ఒకటిన్నర ఎద్దు సర్టిఫికెట్టు మడిచి పొయ్యిలో వేశాను.

ఆషాఢం వచ్చేసింది. పైన మబ్బులు కూడా వచ్చాయి. ఎద్దు మాత్రం రాలేదు. మామ రోజూ పొద్దున లేచి కాడిని దించి తుడిచి, మళ్లీ ఎత్తి పెట్టేవాడు. అది చూడలేక నేను ఇంటి వెనక కూర్చునేవాడిని.

ఒక మధ్యాహ్నం సావుకారు వచ్చాడు. వెంట జీతగాడు ఒక దున్నపోతును నడిపించుకొస్తున్నాడు. కాటుక లాంటి నలుపు. సావుకారు జగిలి ఎక్కకుండా వాకిట్లోనే నిలబడి చెప్పుకొచ్చాడు. మేము వచ్చి వెళ్లిన వారంలోనే మిల్లు యంత్రాన్ని తిప్పే పట్టా తెగిందట. ఇంటి గడప దాకా వచ్చిన శనిని కాదని పంపించావని వాళ్లమ్మ అన్నం మాని కూర్చుందట. నల్లటి జీవాన్ని దానం చేస్తే గానీ దోషం పోదట.

"ఎద్దునే ఇచ్చుందును. అది తెల్లది, పనికిరాదు," అన్నాడు పాపం, నిజంగా బాధపడుతూ. "పదిమందిని అడిగినా. ఎవరూ దానం పట్టేదానికి ఒప్పుకోలేదు."

పట్టుకోరు మరి. శనిదానం పట్టుకున్నవాడికి శని పట్టుకుంటుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అత్త లోపలి నుంచే, "ముట్టుకోవద్దు! చెప్తా ఉండా, ముట్టుకోవద్దు!" అని అరిచింది. మామ దున్నపోతును చూశాడు. మెడ చూశాడు, గిట్టలు చూశాడు, ఒకసారి పైకి మబ్బును చూశాడు. ఆ తర్వాత చాలా మెల్లగా, ఎవరినీ ఒప్పించాలని లేకుండా అన్నాడు.

"నాలుగేండ్లుగా వాన లేదు. ఎద్దు పాయె. చదివినోనికి పని లేదు. ఇంక మా ఇంటికి శని కొత్తగా యాడినుంచి వస్తాడు? వచ్చేదంతా వచ్చి కూర్చోనే ఉండాది. ఇట్లా తే."

తాడు చేతిలోకి తీసుకున్నాడు. సావుకారు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను తలవంచుకుని దున్నపోతుకు నీళ్లు పెట్టాను, అప్పుడు నాకు చేతనైన పని అదొక్కటే.

మూడో రోజు పదును పడింది. మా కన్నడ సామెత ఒకటుంది, ఎద్దు గట్టుకు లాగితే దున్న నీటికి లాగిందని. ఆ సామెతను ఊరంతా వింటుంది, మేము దున్ని చూశాము. చేన్లో ఎక్కడ గుంట నిండా నీళ్లు కనబడితే అక్కడ దున్నపోతు పడుకునేది, ఎద్దు నిలబడి నిలబడి విసిగి గట్టు వైపు లాగేది. దున్నపోతు ముక్కుతాడు పట్టుకుని ముందు నడిచే పని నాది. అది పడుకుంటే నేనూ బురదలో కూర్చునేవాడిని. ఒళ్లంతా నొప్పులు, గోళ్లనిండా మట్టి. పక్క చేన్లో వాళ్లు, "ఏమప్పా బి.ఎ., నీ శనిదేవుడు లేస్తాడా లేదా?" అని అడిగేవాళ్లు. మూడు దినాల పని ఐదు దినాలు పట్టింది. చివరి సాళ్లు విత్తేసరికి నేల ఆరిపోతోంది. అయినా విత్తాము. ఆ ఏడు వాన మధ్యలో ఎగ్గొట్టి సగం పంటే వచ్చింది. మా తాలూకాలో సగం పంటను పంట అనే అంటారు.

దసరాకు వచ్చిన డ్రైవర్ బావ, నూనె జిడ్డు, కుంకుమ, బొక్క పడిన పెట్టెను చూసి తలపట్టుకున్నాడు. ఇప్పుడు ఎవడూ కన్నెత్తి చూడడని చెప్పాడు. అవ్వ మాత్రం బతికినన్నాళ్లూ శనివారం శనివారం వచ్చి చూసింది.

తర్వాత నాకు బళ్లో ఇంగ్లీషు మాస్టరు ఉద్యోగం దొరికింది. ముప్పై ఏళ్లు చేశాను. పిల్లలు పెద్దగా నేర్చుకున్నదీ లేదు, నేను పెద్దగా నేర్పిందీ లేదు, రోజూ సాయంత్రానికి గొంతు మాత్రం పోయేది. మామ పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఎక్కడికి తీసుకుపోయినా, పెళ్లిలో గానీ సంతలో గానీ, కొత్తవాళ్లకు నన్ను ఒకే మాటతో చూపించేవాడు: "మా అల్లుడప్పా. కరువు ఏట ఇంగ్లీషులో ఒక్క మాట చదివి ఇంటికి దున్నపోతును తెచ్చినాడు." అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాడిని. నా చదువుకు అంతకంటే మంచి వెల ఎవరూ కట్టలేదు. అదే మాటతో, అదే నోటితో నేను పోగొట్టిన మైల ఎద్దు సంగతి మాత్రం ఆయన ఏ ఒక్కరికీ, ఏ ఒక్కసారీ చెప్పలేదు.